ఉల్లిపాయ గ్లాసు

"ఎవడ్రా నా ఉల్లిపాయను తగలేసింది?"

మునాజత్ ఓపా మైక్రోస్కోప్ మీంచి తలెత్తేసరికి క్లాసంతా పుస్తకాల్లో తలదూర్చింది. తాష్కెంట్‌లో చదువుకుని ఈ కొండ ఊరి బడికి వచ్చిన జీవశాస్త్రం టీచరమ్మ ఆవిడ, పిల్లలందరికీ ఓపా, అంటే అక్క. ఆవిడకి కోపమొస్తే బల్లలు కూడా లేచి నిలబడతాయని పిల్లలు చెప్పుకుంటారు.

కోపం రాదూ మరి! మధ్యాహ్నం జిల్లా నుంచి పెద్దలు వస్తున్నారు. ఒక కణం రెండుగా ఎలా విడిపోతుందో ఉల్లి వేరు కొసలో చూపిస్తేనే ఈ క్లాసు కుర్రాడు ఎల్మురాద్‌ని తెర్మెజ్ పట్నంలో జరిగే సైన్సు పోటీలకు పంపుతారు. నీళ్ల గ్లాసు అంచున ఉల్లిపాయ నిలబెట్టి వేళ్లు దింపిందీ, ఇవాళ కొస తుంచి, రంగు పట్టించి, గాజుపలక మీద నలిపిందీ వాడే.

"రా, చూసి ఏడువు! క్రోమోజోములన్నీ ముద్దలై చెల్లాచెదురుగా పడున్నాయి. అటొకటీ ఇటొకటీ లాక్కుపోవాల్సిన దారాలే లేవు. పంపకాలకని కూర్చున్న అన్నదమ్ముల్లా ఎక్కడివక్కడే!"

"నేనేం చెయ్యలేదు ఓపా. పండగ సెలవుకి ముందు బాగానే ఉన్నాయి. మీరే చూసి మెచ్చుకున్నారు."

"అయితే నేను పాడుచేశానా?" ఆవిడ విసురుగా ఉల్లిపాయ గ్లాసును ముందుకు లాగింది. అందులోంచి వడలిన పండగ పూలు రెండు బల్ల మీద రాలితే చేత్తో అవతలికి ఊడ్చేసింది. "ఇది ఊరికే జరిగే పని కాదు. నీళ్లలో విషం కలిస్తేనే విభజన ఇలా మధ్యలో ఆగుతుంది. కోతివేషాలు వేసింది చాలు. నీ పేరు కొట్టేస్తున్నా!"

ఎల్మురాద్ చెవులు ఎర్రబడ్డాయి. చలికాలమంతా ఈ పోటీ కోసమే కళ్లు కాయలు కాచేలా చూశాడు వాడు.

"చెయ్యని తప్పుకి పేరు కొట్టేస్తారా? ఇదెక్కడి న్యాయం? ఏం విషం? నాకెక్కడ దొరుకుతుంది? చెప్పండి!"

"నాకే ఎదురు ప్రశ్నలా! విను. దాని పేరు కోల్చిసిన్. కొండ మీద మంచు కరిగే చోట, నేల చీల్చుకుని వచ్చే పసుపు పువ్వులో ఉంటుంది. నేను పుస్తకంలో చదవడమే, చూసింది లేదు. గొర్రెలు మేస్తే కాళ్లు తన్నుకుంటాయట. ఈ క్లాసులో గొర్రెల వెంట కొండెక్కేది ఎవరు? నువ్వు కాదూ?"

ఎల్మురాద్ ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది.

"ఆ పువ్వా? మా తాత గొర్రెల్ని దాని దరిదాపులకి పోనివ్వడు. తెచ్చింది నేనే ఓపా."

"విన్నారా!" మునాజత్ ఓపా బల్ల గుద్దింది. "దొంగ దొరికాడు. ఇప్పుడు అందరూ వినేలా చెప్పు. ఎందుకు తెచ్చావు? ఎక్కడ పెట్టావు?"

"మొన్న, ఆడవాళ్ల పండగని మీకోసమే తెచ్చాను. 'అబ్బ, తొలి వసంతపు బోయ్‌చెచక్ పూలు, ఎంత ముద్దుగా ఉన్నాయో' అని, పూలసీసా లేదని ఆ ఉల్లిపాయ గ్లాసులోనే గుచ్చింది మీరే గదా ఓపా!"