కొనడానికి రాని మనిషి

...అయినా ఎవరూ బూట్లు కొనరు. బూట్లు వేసుకున్నాక తాము ఎలా ఉంటామనుకుంటారో ఆ మనిషిని కొనుక్కుంటారు. అందుకే బూట్ల దుకాణంలో అద్దాలు నేలకి ఆనించి పెడతారు. మొహం కూడా కనబడితే బేరం చెడుతుంది.

ఇలాంటివి ఆలోచించడమే అతని పని. కొనేవాడిలా దుకాణాల్లోకి వెళ్లి, అమ్మేవాళ్లు ఎలా అమ్ముతున్నారో చూసి, బయటికొచ్చి ఫారంలో మార్కులు వెయ్యాలి. వందకి డెబ్బై అయిదు రాకపోతే వచ్చే నెల నుంచి ఆ మనిషికి అక్కడ పని ఉండదు. మూడేళ్లలో అతను చాలామందికి తక్కువే వేశాడు. ఏనాడూ నిద్ర చెడలేదు.

ఇవాళ్టి కాగితంలో పేరు లేదు, మూడో కౌంటరు అని మాత్రమే ఉంది.

మూడో కౌంటరు దగ్గర యాభై దాటిన ఆవిడ నిలబడి ఉంది. అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. ఈ వయసులో డెబ్బై అయిదు తెచ్చుకోవడం కష్టం. ఇంకెవర్నైనా పంపమని ఆఫీసుకి ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. చెయ్యలేదు.

"బూట్లు కావాలి మేడమ్. ఆఫీసుకి."

ఆవిడ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. తర్వాత కాళ్లకేసి చూసింది.

"కూర్చోండి బాబూ. అవి విప్పండి."

నేల మీద మోకాళ్లూని అతని పాదాన్ని కొలత పలక మీద పెట్టింది. "ఎనిమిది. వెడల్పు కాస్త ఎక్కువ" అంది, పలకకేసి చూడకుండానే. పలకా అదే చెప్పింది. మనసులో పది మార్కులు వేశాడు.

రెండే జతలు తెచ్చింది.

"ఇంతేనా? గోడ నిండా ఉన్నాయిగా."

"కావాలంటే పాతిక తెస్తాను. పాతికా చూసి, తల తిరిగి, రేపొస్తానని వెళ్తారు. రేపు రారు. పెట్టెలు సర్దుకోవడం మాత్రం నా వంతు."

అతనికి నవ్వొచ్చింది. ఎదురుగా రకాలు పెరిగేకొద్దీ మనిషి చెయ్యి వెనక్కి పోతుందని శిక్షణలో మూడు రోజులు కూర్చుని నేర్చుకున్నాడు. ఈవిడకి మోకాళ్లే నేర్పాయి. మరో పది.

"ఆ గాజు పెట్టెలోది?"

అది ఎర. దాని ధర విన్నవాడికి మిగతావన్నీ చవగ్గా కనబడతాయి. అందుకే ముందు దాన్నే కాలికి తొడగాలి. దానికి పదిహేను మార్కులు.

"అది చూడ్డానికి పెట్టారు, నడవడానికి కాదు. ముందుభాగం సన్నం. మీ చిటికెన వేలు ఏడుస్తుంది."

"డబ్బు గురించి ఆలోచించకండి."

"నేను వేలి గురించే ఆలోచిస్తున్నాను."

పదిహేను పోయాయి.

పక్క కౌంటరు అమ్మాయి పెట్టె సర్దుతున్నట్టు వంగి గుసగుసలాడింది. "అక్కా, పరీక్షకొచ్చినవాడిలా ఉన్నాడు. వేసుకున్నవి బాగానే ఉంటే కొత్తవెందుకట? ఆ గాజు పెట్టెది తొడుగు. పాలిష్ డబ్బా కూడా అంటగట్టు."

"ఎవరైతే ఏంటే? కాలు కాలే" అంది ఆవిడ, గొంతు తగ్గించకుండానే.

తాళ్లు బిగించి ముడి వేసింది. దాని మీద ఇంకో ముడి. "నడవండి" అంది. అతను అద్దం దాకా నడిచొచ్చాడు.

"మడమ లేస్తోందా?"

"లేదు."

"నిజం చెప్పండి. మొహమాటానికి కొన్న బూట్లు మంచం కిందే ఉండిపోతాయి."

"కొంచెం లేస్తోంది."

లోపల అట్టముక్క పెట్టి మళ్లీ ముడి వేసింది. ఈసారి లేవలేదు.

ఇక ఒక్కటే మిగిలింది. జతతో పాటు ఇంకేదైనా కొనమని అమ్మే మనిషే తనంతట తాను చెప్పాలి. దానికీ పదిహేను. కొనేవాడు ఆ మాట అందివ్వకూడదు. అతను అందించాడు.

"పాలిష్ ఏమైనా తీసుకోవాలా మేడమ్?"

ఊఁ అంటే చాలు.

ఆవిడ తలెత్తి అతని కళ్లలోకి చూసింది. "అమ్మాలంటే డబ్బా బాగానే అమ్మగలను. మీరు కావాలా అని అడిగారు. అక్కర్లేదు. ఈ తోలుకి తడిగుడ్డ చాలు."

బయట మెట్ల పక్కన గట్టు మీద కూర్చుని ఫారం తీశాడు. ఏడు ప్రశ్నలకీ ఏడు పదులు. ఈ మూడేళ్లలో ఎవరికీ వెయ్యలేదు అలా. ఛాతీ నిండుగా అనిపించింది. ఇందులో తను చేసిందేమీ లేదు, తెలుసు. అయినా నిండుగానే ఉంది.

మిగిలినవి రెండు పదిహేనులు. అవి లేకపోతే డెబ్బై. అయిదు తక్కువ.

ఒక్క టిక్కు చాలు. ఎవరూ చూడరు. పెన్ను ఆ గడి దాకా వెళ్లింది. అద్దం తలుపులోంచి ఆవిడ కనిపించింది, అప్పటికే ఇంకెవరి కాలి ముందో మోకాళ్లూని ఉంది. ఇక్కడ టిక్కు పెడితే, ఆవిడ అననని తెగేసి చెప్పిన మాట అన్నట్టు అవుతుంది.

రెండు చోట్లా సున్నాలు చుట్టాడు. సున్నా చుట్టి గర్వపడటం అతనికి ఇదే మొదటిసారి.

అట్టడుగున ఎప్పుడూ చదవకుండానే 'లేదు' దగ్గర టిక్కు కొట్టేసే గడి ఒకటుంది. ఇవాళ చదివాడు. 'ఈ ఉద్యోగితో మీకు ముందే పరిచయం ఉందా? ఉంటే ఈ ఫారం చెల్లదు, పరీక్ష వేరొకరు జరుపుతారు, మీకు ఇకపై మా దగ్గర పని ఉండదు.'

కొత్త బూట్ల ముడులకేసి కాసేపు చూస్తూ కూర్చున్నాడు.

'ఉంది' దగ్గర టిక్కు పెట్టి, పక్కన 'మా అమ్మ' అని రాశాడు.