పావుగంట ఊపిరి

"ఇక్కడే ఉంది! ఇక్కడే!" అంటూ సుధాకరరావు మోకాళ్ళ మీద పడ్డాడు. పారతో నాలుగు దెబ్బలు వేశాడు. చాలక పార అవతల పారేసి చేతుల్తోనే తోడాడు. తడి ఇసుక, ఒక గవ్వ. అంతే. ఇంకేం లేదు.

ఈస్ట్ కోస్ట్ బీచిలో మిట్టమధ్యాహ్నం. నెత్తి మాడిపోతోంది. ఆ ఎండలో, మంచులో ఎలా బతకాలో నేర్పే క్లాసు. ఎవరికైనా నవ్వొస్తుంది. కాత్యాయనికి రావట్లేదు. భుజాన బ్యాగు, చేతిలో గొడుగు. మొగుడు ఎటు తిరిగితే అటు, నీడలాగా వెనకే తిరుగుతోంది.

సంగతేంటంటే, వచ్చే వారం తండ్రీకొడుకులిద్దరూ ఇక్కడి హౌగాంగ్‌లోని తమ ఇంటి నుంచి జపాన్ పోతున్నారు. స్నోమొబైలు తోలడానికి. మంచు మీద పరిగెత్తే మోటారుబండి అది. రోడ్డూ పాడూ లేని కొండల్లో తోలతారు. పైన మంచు చరియ తెగి కిందికొచ్చిందా, బండీ మనిషీ కలిసి పూడిపోవడమే. అందుకని ప్రతివాడి ఛాతీకీ ఒక చిన్న పెట్టె కడతారు. లోపలున్నవాడి పెట్టె సిగ్నల్ పంపుతా ఉంటుంది. పైనున్నవాడు తన పెట్టెని వెతికే వైపు తిప్పుకుని, ఆ సిగ్నల్ పట్టుకుని తవ్వాలి. పావుగంటలో తియ్యాలి. ఆ తర్వాత ఊపిరి దక్కడం కష్టం.

నేర్పే యాకూబ్ మన గుంటూరోడే. చలికాలం వస్తే ఆ కొండల్లోనే గైడు పని చేస్తాడు. పొద్దున్నే చెప్పేశాడు.

"జంటలో ఒకరు పూడితే రెండోవాడే దేవుడు. ఇద్దరూ నెగ్గితేనే కొండెక్కిస్తా. ఒకరు తప్పినా ఇద్దరూ ఇంట్లోనే."

చరియ విరిగిపడే వీడియో కూడా చూపించాడు. గోడ గోడంతా లేచొచ్చినట్టు వచ్చింది మంచు. అది చూసిన కాడ్నించీ కాత్యాయనికి గుక్కెడు నీళ్ళు దిగలేదు.

కొడుకు నిశాంత్ ముందే నెగ్గేశాడు. లోపల సిగ్నల్ పెట్టె ఉంచి ఇసుకలో పాతిన గోనెసంచిని చిటికెలో తీసి, తన పెట్టె ఆపేసి తల్లికిచ్చాడు. "బ్యాగులో వెయ్యమ్మా, పోగొట్టేస్తాను."

ఆ పెట్టెలు నిన్ననే అద్దెకి ఇంటికొచ్చాయి. వాటికి కూడా పసుపూ కుంకుమా పెట్టింది కాత్యాయని. కుక్కరు కొన్నా, ల్యాప్‌టాప్ కొన్నా బొట్టు పెట్టనిదే ముట్టుకోనివ్వదు ఆవిడ. "దేవుడి ముందు ఈ లైటు మిణుకు మిణుకుమంటోందిరా, ఎటు తిప్పితే ఆగుద్ది?" అని అడిగితే కొడుకు నవ్వి చూపించాడు.

తర్వాత తండ్రి వంతొచ్చింది. యాకూబ్ సంచిని వేరే చోట పాతాడు. వరసలో నిలబడ్డ వాళ్ళ పెట్టెలన్నీ ఆపి ఉన్నాయో లేదో ఒకసారి చూసుకుని ఈల ఊదాడు.

మొదటిసారి తప్పాడు సుధాకరరావు. ఇది రెండోసారి.

"పెట్టె రెండు మీటర్ల దూరం అంటోందిరా!"

"మెల్లగా నాన్నా. కిందికి ఆనించి చూడు."

"అటెళ్ళినా రెండే, ఇటొచ్చినా రెండే. ఇదేం మాయరా బాబూ!"

"అంకుల్, కెన్ లా! మీ వల్ల అవుద్ది! రిలాక్స్!" అని అరిచింది రుచిత. క్లాసులో అందరికన్నా చిన్నది. కాత్యాయని వైపు తిరిగి, "ఆంటీ, మీరు కూర్చోండి. అంకుల్ కన్నా మీకే ఎక్కువ టెన్షన్" అంది.

"ఆయనకి ఎండ పడదమ్మా" అంది కాత్యాయని.

రెండోసారీ పోయింది.

యాకూబ్ దగ్గరకొచ్చాడు. "ఇంకొక్క ఛాన్సు సార్. ఇదే ఆఖరు. కింద ఉన్నది గోనెసంచి అనుకోవద్దు. మీ అబ్బాయి అనుకోండి."

ఆ మాటతో మనిషి మనిషిలా లేడు. ఉరికాడు. పడ్డాడు. లేచాడు. కనబడ్డ చోటల్లా తవ్వాడు. "వస్తన్నా నాన్నా, వస్తన్నా" అని గొణుక్కుంటూ తవ్వాడు. గోళ్ళు చిట్లి వేళ్ళు ఎర్రబడ్డాయి.

కాత్యాయని పెదాలు కదులుతూనే ఉన్నాయి. "తండ్రీ, ఈ ఒక్క గండం గట్టెక్కించు." ఆ చేతులు చూసి ఆవిడ చెయ్యి బ్యాగు జిప్పు దాకా పోయింది. వెనక్కి తీసుకుంది.

ఈల మోగింది.

యాకూబ్ ఎక్కడో అవతల, కొబ్బరిచెట్టు మొదట్లో నాలుగు పారలు తీసి సంచి పైకి లాగాడు. "ఇక్కడుంది సార్."

సుధాకరరావు ఆ సంచినే చూస్తా కూలబడ్డాడు.

"చచ్చిపోయాడు కాత్యాయనీ. నా కొడుకు చచ్చిపోయాడు."

"నాన్నా! ఇదిగో ఇక్కడున్నా. ఓకే లా, ఏం కాలేదు. వచ్చే ఏడు వెళ్దాం."

"వచ్చే ఏడూ లేదు, ఎప్పుడూ లేదు. నా చేతుల్లో పడితే నువ్వు బతకవురా."

రాఫెల్స్ ప్లేస్ ఆఫీసులో అందర్నీ గడగడలాడించే మనిషి. పదిమందిలో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నిశాంత్ తండ్రిని పట్టుకున్నాడు. "సర్లే, నువ్వు రాకపోతే నేనూ పోను. ఈ బండ్లూ వద్దు, ఈ మంచూ వద్దు. ఒట్టు."

కాత్యాయని ఆయన పక్కన కూర్చుంది. రక్తమూ ఇసుకా కలిసిన ఆ వేళ్ళని చున్నీతో ఒక్కొక్కటే తుడిచింది. తలెత్తి ఆయన మొహం మాత్రం చూడలేదు. "పదండి, ఇంటికి పోదాం" అంది.

తండ్రీకొడుకులు టాక్సీ కోసం ముందు నడుస్తుంటే, ఆవిడ వెనకాల ఆగి, గొడుగు మూసి, బ్యాగు తెరిచి, ఇందాక నిశాంత్ ఇచ్చాక తన చేత్తోనే మళ్ళీ తిప్పిపెట్టిన, బొట్టున్న సిగ్నల్ పెట్టె మీద ఇంకా మిణుకు మిణుకుమంటున్న లైటుని ఆపేసింది.