బిందె పక్కన తుమ్మమొక్క

మా బీడును అడవి చెయ్యాలని అడవి శాఖవాళ్లు మొదట డ్రోన్లతో గింజలు చల్లించారు. సగం చీమలు తిన్నాయి, మిగతావి ఎండకు మాడాయి. మేక కడుపులోంచి వచ్చిన తుమ్మగింజే గట్టిగా మొలుస్తుందని మూడో తరగతి దాటని నేను చెబితే నవ్వారు. తర్వాత నా ఇరవై మేకలకే ఉద్యోగాలిచ్చి, మెడల్లో నంబరు గంటలు కట్టారు. నాకు మాత్రం చదువు చాలదన్నారు.

మొక్క మొలిచిన చోటల్లా అడవే, అందులో మనిషి ఉండకూడదని చట్టం. వానలకు దొడ్డి కూలితే వారం రోజులు మేకలను ఇంట్లో కట్టేశాను. నెల తిరక్కుండానే నీళ్లబిందె పక్కన తుమ్మమొక్క లేచింది.

"ఇల్లు ఖాళీ చెయ్యి బక్కయ్యా," అన్నాడు అడవి ఆఫీసరు, గోడకు కెమెరా బిగిస్తూ. "గంట లేని ప్రాణి కనబడితే ఇది కూస్తది."

"మరి మేకల సంగతేంది సారూ?"

"అవి స్టాఫ్. ఉంటయ్."

"ఇరవై ఏండ్ల సంది ఈ ఇల్లు అలుకుతున్న. నేనెక్కడికీ పోను," అంది మా ఆవిడ ఈదమ్మ.

ఆఫీసరు వెళ్లగానే, ముసలివై చచ్చిన రెండు మేకల గంటలు వెతికి తెచ్చింది. ఒకటి తను కట్టుకుంది, ఒకటి నాకు కట్టింది. కెమెరా కిక్కురుమనలేదు.

మూడో రోజు ఫోనుకు నోటీసు వచ్చింది. నేను కూడబలుక్కుని చదివాను: "పదిహేడో నంబరు ఉద్యోగి రెండు రోజులుగా పెంటికలు వెయ్యలేదు. సంజాయిషీ ఇవ్వాలి."

ఈదమ్మ నా గంట తిప్పి నంబరు చూసింది.

"నువ్వేనయ్యా," అంటూ గిన్నెలో తుమ్మకాయలు పోసి నా ముందర పెట్టింది.