గోరింక ఇచ్చిన ఆకు

అడవి సభకు నెగ్గిన నెమలిగారు పింఛం విప్పితే గోరింకకి ఒళ్ళు తెలిసేది కాదు.

"చెల్లెమ్మా, పుట్టల కంపెనీ తెస్తున్నా. చెదలు గుమ్మంలోకే వస్తాయి. పుట్టబోయే నీ పిల్లలకి కూర్చున్నచోటే మేత!" అన్నారాయన ఒకనాడు.

ఒప్పుకున్నవాళ్ళు తమ చెట్టు ఆకు ఇవ్వడం అక్కడి ఆచారం. గోరింక మురిసిపోయి లేతాకు తుంచి ఇచ్చింది.

చెదలు మానును లోపల్నించి తిన్నాయి. గోరింక తొర్రలో పెట్టిన గుడ్లు పిల్లలయ్యేసరికి చెట్టు కూలి, ఆ తొర్ర నోరు నేలకి మూసుకుపోయింది. లోపల పిల్లలు ఒకటే అరుపు.

"అన్నా, మాను దొర్లించండన్నా!" అని గోరింక ఏడ్చింది.

అప్పటికే కంపెనీకి అధ్యక్షులైన నెమలిగారు పుట్ట దిగలేదు. "కూలిన మాను కంపెనీ సరుకు తల్లీ. నేను ముట్టుకోకూడదు."

మూడోనాటికి అరుపులు ఆగాయి. గోరింక మానుకి చెవి ఆనించింది. లోపల కరకరమంటూ పని జరుగుతూనే ఉంది.