మంత్రిని ఇచ్చిన ఆట

బడి బస్సుల డ్రైవర్లు, మెకానిక్‌ల చదరంగం పోటీలో నేను గెలిచిన ఆటను మా అమ్మాయి వంటింటి బల్లమీద మళ్లీ పేర్చింది.

“ఇదిగో, ఇక్కడ మంత్రిని తీసుకెళ్లి మెకానిక్ మామయ్య ఏనుగుకి అప్పజెప్పావు. అది ఆశపడి కిందికి దిగింది, ఆయన వెనక వరుస ఖాళీ అయింది, నీ ఏనుగు వెళ్లి ఆట కట్టించింది. పాపం మామయ్య, తెరిచిన నోరు ఇంకా మూయలేదట! నీకెలా తట్టింది నాన్నా?”

“ఏదోలేమ్మా. గెలిచాంగా.”

“దాటెయ్యకు. ఎన్ని ఎత్తుల ముందే చూశావు?”

నిజం చెబితే డ్రైవరు సీటు దిగాలి. ముప్పయ్యేళ్లుగా నాకు మరో పని తెలియదు.

తను వదల్లేదు. మంత్రిని ఎత్తి, ఏనుగు ముందు పెట్టి, మళ్లీ తీసింది.

“ఎవరికైనా ఇక్కడ పెట్టాలంటే చెయ్యి వణుకుతుంది. నీకు భయమెయ్యలేదా?”

“లేదు.”

“అబ్బో! రేపు పొద్దున బస్సులో పిల్లలకి చెప్పు. నలభైమందీ చప్పట్లు కొడతారు.”

నలభైమంది.

చొక్కా జేబులోంచి బస్సు తాళాలు తీసి, చదరంగం కుడి అంచున ఉన్న ఆ ఏనుగు పక్కన పెట్టాను.

“ఈ ఏనుగు నాకు కనబడలేదమ్మా,” అన్నాను. “రెండు నెలలుగా కుడివైపు ఏదీ కనబడటం లేదు.”