వెనక బ్రేకు

"ఆపండప్పా! మావాన్ని వదలొద్దని చెప్పండి!"

గుట్ట కింద కట్టిన తాడు దాటుకుని ఖాసిం సాబ్ లోపలికి దూసుకొచ్చాడు. చెమట తుడుచుకుందామని రుమాలు కోసం జేబులో చెయ్యి పెడితే ఇనుప పిన్ను తగిలింది. అది ఉండాల్సింది జేబులో కాదు, కొడుకు అర్హాన్ సైకిలు వెనక చక్రం దగ్గర.

గుట్ట మీంచి సైకిళ్లు దిగే పందెం నడిపే శ్రీకాంత్ చేతిలో వాకీటాకీ ఉంది. "ఏమైంది సాబూ?"

"బ్రేకు కడ్డీకి పిన్ను ల్యా. ఇదో, నా దగ్గరే ఉండాది."

ఆ సైకిలు ఖాసిం సాబ్ తన వెల్డింగు షెడ్డులో చేసిందే. గుట్ట దిగేటప్పుడు బ్రేకు పడితే ఇట్లాంటి ఏ సైకిలుకైనా వెనక స్ప్రింగు బిగుసుకుంటుంది. చక్రం రాళ్ల మీద నిలవక ఎగురుతుంది. అట్లా కాకూడదని ఆయన బ్రేకును ఇరుసు మీద విడిగా కూర్చోబెట్టి, ఒక కడ్డీతో ఫ్రేముకు కట్టాడు. ఇక బ్రేకు పట్టినా వెనక భాగం మెత్తగానే ఆడుతుంది.

తెల్లవారుజామున నూనె పెట్టడానికి ఆ కడ్డీ పిన్ను తీశాడు. అంతలో మసీదు నుంచి అజాన్ వినిపించింది. కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకున్నాక మళ్లీ జిడ్డు ముట్టుకోబుద్ధి కాలేదు. నమాజు అయినాక పెడదాంలే అని పిన్ను జేబులో వేసుకున్నాడు. తిరిగి వచ్చేసరికి అర్హాన్ సైకిలును జీపులో ఎక్కించేశాడు. ఆ హడావిడిలో పిన్ను సంగతే మరిచిపోయాడు.

"పిన్ను లేకుంటే ఏమైతాది?" అని అడిగాడు పక్కనున్న బయ్యన్న. ఆయన కొడుకు తిప్పేష్ కూడా పైనే ఉన్నాడు. అర్హాన్ తర్వాత వాడి వంతే.

"గట్టిగా బ్రేకు పడితే కడ్డీ ఊడుతాది. బ్రేకు చక్రంతోపాటే తిరిగి పుల్లల్లో ఇరుక్కుంటాది. ఆ వాలులో చక్రం బిగిస్తే సైకిలూ మనిషీ పక్కనున్న వంకలోకే."

శ్రీకాంత్ వాకీటాకీలో అరిచాడు. గుర్రుమంది. మళ్లీ అరిచాడు. పైనుంచి మాట తెగి తెగి వచ్చింది.

"అర్హాన్‌నా? ఇప్పుడే వదిలినామన్నా."

ఖాసిం సాబ్ ఫోను తీసి కొడుక్కి చేశాడు. తన భుజానున్న సంచీలోనే మోగింది.

గుట్ట ఎక్కబోతే బయ్యన్న రెక్క పట్టి ఆపాడు. "యాడికి పోతావు సాబూ, ఆ మోకాళ్లతో? నువ్వు ఒగ మలుపెక్కేలోగా వాడు ఈడుంటాడు. ఏం కాదులే."

"నీకేమప్పా! నీ కొడుకుది కంపెనీ సైకిలు."

"ఏం కంపెనీ! బ్రేకు పట్టితే కుందేలు మాదిరి ఎగుర్తాది. దినామూ తిట్టుకుంటాడు."

పైన ఎర్రదుమ్ము లేచింది. దుమ్ములో అర్హాన్ పసుపు చొక్కా కనిపించింది.

"బ్రేకు పట్టొద్దురోయ్!" అని గొంతు చించుకున్నాడు ఖాసిం సాబ్. ఎదురుగాలి ఆ కేకను వెనక్కే కొట్టింది. ఇంకోసారి అరవబోయి నోరు మూసుకున్నాడు. బ్రేకు పట్టకుండా ఆ వాలు దిగేదెట్లా? పట్టినా చావే, పట్టకపోయినా చావే.

మలుపులో వెనక చక్రం ఎగిరింది. నేలను తాకి మళ్లీ ఎగిరింది.

"పాయ! కడ్డీ ఊడిపాయ!" అంటూ ఖాసిం సాబ్ కళ్లు మూసుకుని బయ్యన్న చెయ్యి పట్టుకున్నాడు. బయ్యన్న ఆ చేతిని వదల్లేదు.

కళ్లు తెరిచేసరికి అర్హాన్ ఎదురుగా నిలబడి హెల్మెట్టు తీస్తున్నాడు. ఖాసిం సాబ్ వాణ్ణి కరుచుకుని వదల్లేదు.

"ఏంది నాయనా, అందరూ చూస్తాండారు."

"చూడనీ."

వాకీటాకీ గుర్రుమంది. "తిప్పేష్‌ను వదిలినామన్నా."

"నీవాడు దిగె. ఇంక మావాన్ని చూడు సాబూ," అని బయ్యన్న నవ్వుతూ తాడు దగ్గరికి పోయి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

ఖాసిం సాబ్ వంగి, దుమ్ము కొట్టుకుపోయిన వెనక చక్రాన్ని తడిమాడు. "కడ్డీ యాడ పడిపాయరా?"

"దీనికి కడ్డీ యాడిది నాయనా? ఇది తిప్పేష్‌ది. ఎగరని సైకిలు ఒక్కసారి ఎక్కుతానని బతిమాలినాడు, పైన మార్చుకున్యాము."