ఒక్కరి బరువు

ఎండిన కాలవలో బుల్లెట్ బండి మళ్ళీ ఎగిరిపడింది.

ఈసారి దాంతోపాటు చలపతి కూడా పడ్డాడు.

"కాయ రాలిందిరోయ్!" అని గట్టు మీంచి ఎవరో అరిచారు. చలపతిది కొబ్బరికాయల కొట్టు. జనం ఈలలు వేశారు.

ఏటా వేసవిలో కాలవ కట్టేసినప్పుడు, అడుగున గట్టిపడిన మట్టి మీద కొత్తపేట కుర్రాళ్ళు మోటారుసైకిళ్ళ పందెం పెట్టుకుంటారు. కిందటేడు గోవిందరాజులు గెలిచాడు. చలపతి బురదగుంటలో పడ్డాడు.

ఆ రోజు లేచిన నవ్వు ఏడాది పొడుగునా అతని వెంటే తిరిగింది. కొట్లో కూర్చున్నా వినిపించేది. ఎవరు దేనికి నవ్వినా తన గురించే అనిపించేది. దాన్ని చెరిపెయ్యడానికే ఈ పాత బుల్లెట్ కొన్నాడు.

పందెం ఇంకాసేపట్లో. రేపు కాలవకి నీళ్ళు వదిలేస్తారు.

"దెబ్బ తగిలిందాండీ?"

గొడుగు పట్టుకుని ఒకాయన గట్టు దిగి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నెరిసిన జుట్టు. ఈ ఊరి మనిషి కాదు. అడిగింది చలపతినే గానీ, చూపు మాత్రం బండి మీదే ఉంది.

"నాకేం కాలేదండి. ఇదే, గుంట కనపడితే చాలు గుర్రంలా ఎగురుతోంది."

"మీరెక్కితే ఎంత కుంగుతుందో చూసేరా?"

"కుంగడమేంటండీ? రాయిలాంటి బండి!" అన్నాడు చలపతి స్నేహితుడు కామరాజు.

"అదేనండి దాని జబ్బు."

ఆయన గొడుగు పక్కన పెట్టి, పడున్న కొబ్బరాకులోంచి ఈనె చీల్చాడు. బండికి స్టాండు వేయించాడు. గాల్లో వేలాడుతున్న వెనక చక్రం ఇరుసు దగ్గర్నుంచి మడ్‌గార్డు అంచు దాకా ఈనె పట్టి, అంతమేరకి తుంచాడు.

"ఇప్పుడు స్టాండు తీసి ఎక్కండి. కాళ్ళు పైన పెట్టుకోండి. మీరు హ్యాండిల్ పట్టుకోండి బాబూ," అన్నాడు, కామరాజు వైపు తిరిగి.

చలపతి ఎక్కాడు. మళ్ళీ ఈనె పెడితే, అది మడ్‌గార్డు అంచు దాటి గోరంత కూడా పైకి రాలేదు.

"చూసేరా? మీ బరువుకి బండి ముందే కాస్త కుంగి ఉండాలండి. అప్పుడే చక్రానికి గుంటలోకి దిగే చోటు ఉంటుంది. లేదంటే నేల వదిలేస్తుంది. ఈ స్ప్రింగులు ఇద్దరి కోసం బిగించినవి. వెనక ఎవరైనా కూర్చుంటారా?"

"ఎవరూ కూర్చోరండి. కొన్నప్పట్నుంచీ ఇంతే, నేను ముట్టుకోలేదు."

"ఎవరూ కూర్చోరు," అన్నాడాయన, తనకి తను చెప్పుకుంటున్నట్టు.

కామరాజు చలపతి చెవిలో గొణిగాడు. "ఒరే, గోవిందరాజులు పంపేడేమోరా. బండి పాడుచెయ్యడానికి!"

చలపతికి ఒళ్ళు వేడెక్కింది. ఆ పాత నవ్వు చెవి పక్కనే మళ్ళీ వినిపించింది.

"ఇంతకీ మీరెవరి తాలూకండీ?"

"ఇప్పుడు ఎవరి తాలూకూ కాదండి. పందెం చూడ్డానికొచ్చేను."

ఆ జవాబులో ఏముందో గానీ, చలపతి దిగి బండికి మళ్ళీ స్టాండు వేశాడు.

ఆయన చెయ్యి సీటు కిందికి పోయింది. బయటికొచ్చేసరికి అందులో కొక్కెం లాంటి స్పానరు ఉంది. దాని పిడికి నీలిపూల పేలిక చుట్టి ఉంది.

"అక్కడుందని నాకే తెలీదండీ!"

"కొందరు అక్కడ పెడతారండి."

స్ప్రింగు అడుగున ఉన్న రింగుని ఒక మెట్టు వదిలాడు. రెండో పక్కా వదిలాడు. ఇంకొక్క మెట్టు మిగిలింది. అక్కడ ఆయన చెయ్యి ఆగిపోయింది.

గట్టు మీద డప్పులు మొదలయ్యాయి. "చలపతీ! వస్తావా, నీకోసం పడవ పంపమంటావా?" అని గోవిందరాజులు కేకేశాడు.

"కానివ్వండి మాస్టారూ! పిలుస్తున్నారు!" చలపతి నిలబడ్డచోటే చిందులేశాడు.

"ఆయ్," అని ఆయన కళ్ళు దించుకుని స్పానరు తిప్పాడు. రెండు పక్కలా.

చలపతి ఎక్కి కూర్చున్నాడు. ఈసారి ఈనె మడ్‌గార్డు అంచు దాటి బొటనవేలంత పైకి వచ్చింది.

"ఇప్పుడిది మీ ఒక్కరి బండండి," అన్నాడాయన, స్పానరుని ఎక్కడిదక్కడ పెట్టేస్తూ.

జెండా ఊగింది.

మొదటి గుంట రాగానే చలపతి పళ్ళు బిగబట్టాడు. చక్రం గుంటలోకి దిగింది, ఎక్కింది. ఎగరలేదు! రెండో గుంట. దిగింది, ఎక్కింది! బండి నేలని వదలకుండా పాములా సాగిపోతోంది. లాకుల దగ్గర మలుపులో గోవిందరాజులు బండి ఒక్క ఎగురు ఎగిరింది. ఆ సందులోంచి చలపతి దూసుకుపోయాడు. వెనక లేచింది దుమ్మో, అరుపులో తెలియలేదు. ఏడాదిగా వెంటాడిన నవ్వు ఆ శబ్దంలో ఎక్కడో మునిగిపోయింది.

గెలిచాడు!

"ఆ గొడుగాయన ఏడిరా? వెనకెక్కించుకుని ఊరంతా తిప్పుతాను!"

ఆయన ఎక్కడా లేడు. బండి కొనిపెట్టిన బేరగాడు శరభయ్య దండ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"సాలమోను మాస్టారా? ఇప్పుడే రాజోలు బస్సెక్కేసేరండి. ఈ బండి పందెంలో దిగుతోందని నేనే కబురు చెప్పేను."

"ఈ బండికీ ఆయనకీ ఏంటండీ?"

"భలేవారే, ఆయన దగ్గరే కదండీ మీకిది కొనిపెట్టేను! వాళ్ళావిడ ఎలీసమ్మగారిని రోజూ వెనకెక్కించుకెళ్ళి ఆస్పత్రిలో డ్యూటీకి దింపేవారు. ఆవిడ పోయేక, ఒక్కరే ఎక్కలేక అమ్మేసుకున్నారు."

చలపతి వెనక్కి తిరిగాడు. ఖాళీ సీటు కిందినుంచి నీలిపూల చీర పేలిక కొస ఒకటి గాలికి కదులుతోంది.

ఆ చివరి మెట్టు దగ్గర ఆయన చెయ్యి ఎందుకు ఆగిందో అప్పుడు తెలిసింది.